ఓటు వయసు వేరు, మద్యం వయసు వేరు

2022 ఏప్రిల్ 1న జపాన్‌లో 18, 19 ఏళ్ల యువతీయువకులు దాదాపు 20 లక్షల మంది ఒకేసారి మేజర్లయ్యారు. అప్పటిదాకా అక్కడ మేజర్ కావాలంటే 20 నిండాలి. పౌర చట్టాన్ని సవరించి ఆ వయసును 18కి దించారు. ఆ రోజు నుంచి అమ్మానాన్నల సంతకం లేకుండానే వాళ్లు ఫోన్ కనెక్షన్ తీసుకోవచ్చు, గది అద్దెకు మాట్లాడుకోవచ్చు, అప్పుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మద్యం, సిగరెట్లు, పందేల దగ్గర మాత్రం పాత 20 అలాగే ఉండిపోయింది. మద్యం మీద అక్కడున్న చట్టం 1922 నాటిది. దాని పేరులో ‘మైనర్లు’ అనే మాట ఉండేది. 18 ఏళ్లవాళ్లు ఇక మైనర్లు కారు కాబట్టి ఆ మాట తీసేసి, ‘20 ఏళ్ల లోపువారు’ అని చట్టం పేరే మార్చారు.

చూడ్డానికి చిన్న సవరణే. కానీ మద్యం వయసు మీద దేశదేశాల్లో దశాబ్దాలుగా నలుగుతున్న వాదనలో అసలు చిక్కుముడి ఎక్కడుందో అది పట్టి చూపిస్తుంది. ఈ వాదన ఎక్కడ మొదలైనా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. ‘ఓటేస్తాడు, సైన్యంలో చేరతాడు, పెళ్లి చేసుకుంటాడు, నేరం చేస్తే పెద్దవాళ్ల జైలుకే వెళ్తాడు. ఒక్క బీరు తాగడానికి మాత్రం పనికిరాడా?’ వినగానే సబబుగానే తోస్తుంది. మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది కూడా. అయితే ఈ ప్రశ్నలో మద్యం కొనడాన్ని ఒక హోదాగా, పెద్దరికానికి దక్కే గుర్తింపుగా లెక్కగట్టడం ఉంది. అక్కడే తప్పటడుగు పడుతోంది. అమెరికాలో 18 ఏళ్లకు ఓటుంది, ప్రతినిధుల సభకు పోటీ చేయాలంటే 25 నిండాలి, అధ్యక్ష పదవికైతే 35. దానివల్ల కుర్రాళ్లకు అవమానం జరిగిందని ఎవరూ వీధికెక్కరు. ఏ పనికి ఎంత వయసు అన్నది ఆ పని స్వభావాన్ని బట్టి, అందులో ఎవరికి ఎంత నష్టం జరగొచ్చన్నదాన్ని బట్టి తేలాలి. ఓటు తప్పుగా వేస్తే వచ్చే ఎన్నికల్లో దిద్దుకోవచ్చు. తాగి బండి నడిపి ఎదుటివాడిని గుద్దితే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. ‘తాగే వయసు’ అని అందరం అంటాం గానీ చాలా దేశాల్లో చట్టం పట్టించుకునేది కొనే వయసును, అమ్మే వయసును. బ్రిటన్‌లో 18 నిండందే మద్యం అమ్మకూడదు. కానీ ఇంట్లో, పెద్దల సమక్షంలో తాగించడాన్ని చట్టం నిషేధించింది ఐదేళ్ల లోపు పిల్లలకు మాత్రమే. జర్మనీలో బీరు, వైను 16 ఏళ్లకు, ఘాటు మద్యం 18కి. తల్లిదండ్రులు పక్కనుంటే 14 ఏళ్లకే బీరు ఇవ్వొచ్చు. స్వీడన్‌లో బార్‌లో కూర్చుని తాగడానికి 18 చాలు, ప్రభుత్వ దుకాణంలో సీసా కొని పట్టుకెళ్లాలంటే 20 కావాలి. దక్షిణ కొరియాలో 19. భారత్‌లో మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి ఒకే దేశంలో ఒకే పాస్‌పోర్టు ఉన్న యువకుడు గోవాలో 18కే కొనొచ్చు, కేరళలో 23 దాకా ఆగాలి. 16 నుంచి 25 దాకా ఇన్ని అంకెలు ఉన్నాయంటే మనిషి కాలేయం సరిహద్దు దాటగానే మారిపోతోందని కాదు. ఈ అంకెలు చాలావరకు శాస్త్రం నుంచి రాలేదు. యుద్ధాలు, ఎన్నికలు, పన్నుల రాబడి, తాతలనాటి అలవాట్లు కలిసి తయారుచేసిన అంకెలివి. అందుకే ఏది మంచి అంకె అని తెలుసుకోవాలంటే, అంకె మార్చిన చోట ఏం జరిగిందో చూడటమే దారి.

అలా మార్చి, మళ్లీ వెనక్కి మార్చి, ప్రతి అడుగూ లెక్కల్లో నమోదైన దేశం అమెరికా. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక అక్కడ ఎక్కువ రాష్ట్రాలు 21 ఏళ్లను హద్దుగా పెట్టుకున్నాయి. వియత్నాం యుద్ధం నాటికి ఆ హద్దు ఇబ్బందిగా మారింది. 18 ఏళ్లకు తుపాకీ చేతికిచ్చి అడవుల్లోకి పంపుతున్నారు, ఓటు మాత్రం ఇవ్వడం లేదన్న కోపం దేశమంతా రగిలింది. 1971లో రాజ్యాంగానికి 26వ సవరణ తెచ్చి ఓటు వయసును 18కి దించారు. అది న్యాయమైన సవరణే. దాని ఊపులోనే మద్యం వయసూ దిగింది. 1970 నుంచి 1975 మధ్య 29 రాష్ట్రాలు దాన్ని 18కో, 19కో, 20కో తగ్గించాయి. తాగుడు మీద విడిగా పెద్ద చర్చేమీ జరగలేదు. ఓటుతో పాటు అదీ వచ్చింది.

తర్వాత రోడ్ల మీద లెక్కలు తేలడం మొదలైంది. వయసు తగ్గించిన రాష్ట్రాల్లో కుర్రాళ్ల ప్రమాదాలు పెరిగాయి. మిషిగన్ 1972లో 18కి దించి, 1978 చివర్లో మళ్లీ 21కి ఎక్కించింది. దించినప్పుడు ఏ వయసువాళ్ల ప్రమాదాలు పెరిగాయో, ఎక్కించినప్పుడు ఆ వయసువాళ్ల ప్రమాదాలే తగ్గాయి. పక్కపక్క రాష్ట్రాల్లో వేర్వేరు వయసులు ఉండటంతో ఇంకో దారుణం కూడా తోడైంది. 21 ఉన్న రాష్ట్రం కుర్రాళ్లు శనివారం రాత్రి 18 ఉన్న పక్క రాష్ట్రానికి కార్లో వెళ్లి, తాగి, అదే కార్లో చీకట్లో తిరిగొచ్చేవారు. ఆ దారులకు ‘నెత్తుటి సరిహద్దులు’ అన్న పేరు పడింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పక్క రాష్ట్రం చట్టం వదులుగా ఉంటే మన రాష్ట్రం చట్టం మన పిల్లల్ని కాపాడకపోగా, రాత్రిపూట వాళ్ల ప్రయాణ దూరాన్ని పెంచుతుంది.

1980లో కాలిఫోర్నియాలో క్యాండీ లైట్‌నర్ అనే తల్లి, తన 13 ఏళ్ల కూతుర్ని తాగిన డ్రైవరు కారుతో గుద్ది చంపేశాక, అలాంటి తల్లుల్ని కూడగట్టి ఒక సంఘం పెట్టింది. నాలుగేళ్లలో ఆ సంఘం మాట అధ్యక్షభవనం దాకా వెళ్లింది. రాష్ట్రాల హక్కుల్లో కేంద్రం వేలు పెట్టకూడదని నమ్మిన రొనాల్డ్ రీగన్ మొదట వ్యతిరేకించి, చివరికి 1984 జూలైలో చట్టం మీద సంతకం పెట్టారు. ఆ చట్టం నేరుగా ఎవరి చేతిలోంచీ గ్లాసు లాక్కోలేదు. 21 పెట్టని రాష్ట్రానికి రహదారుల నిధుల్లో కోత పడుతుందని మాత్రం చెప్పింది. 19 ఏళ్లవాళ్లకు పల్చటి బీరు అమ్మనిచ్చే దక్షిణ డకోటా సుప్రీంకోర్టుకెక్కింది, 1987లో ఓడిపోయింది. మరుసటి ఏడాదికల్లా దేశమంతా 21 అయింది. ఈ వయసు వల్ల ఏటా కొన్ని వందల ప్రాణాలు రోడ్ల మీద నిలుస్తున్నాయని అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా.

ఆ అంచనాను కళ్లు మూసుకుని ఒప్పుకోవాల్సిన పనిలేదు. అదే కాలంలో సీటు బెల్టులు వచ్చాయి, కార్లు గట్టిపడ్డాయి, తాగి నడపడాన్ని మగతనంగా కాక నేరంగా చూసే దృష్టి పెరిగింది. వయసును 21కి పెంచని కెనడాలోనూ ప్రమాదాలు తగ్గాయి. 2009లో ఇద్దరు పరిశోధకులు రాష్ట్రాలవారీగా లెక్కలు విప్పి చూస్తే, తమంతట తాము వయసు పెంచుకున్న రాష్ట్రాల్లోనే ఫలితం గట్టిగా కనబడింది. నిధులు పోతాయన్న భయంతో తలొగ్గిన రాష్ట్రాల్లో అంతంతమాత్రమే. 21కి వ్యతిరేకంగా వాదించేవాళ్లు దీన్ని తమ అస్త్రంగా వాడతారు. కానీ ఇందులోంచి తీయాల్సిన పాఠం వేరు. తాను నమ్మి తెచ్చుకున్న చట్టాన్ని సమాజం అమలు చేస్తుంది, పైనుంచి రుద్దిన చట్టాన్ని పుస్తకంలో పెట్టి మరిచిపోతుంది. అంకె ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని మోసే చేతులుండాలి.

అంకెను దించితే ఏమవుతుందో న్యూజిలాండ్ చూపించింది. 1999 డిసెంబరులో అక్కడ మద్యం కొనే వయసును 20 నుంచి 18కి తగ్గించారు. కొన్నేళ్ల తర్వాత పరిశోధకులు ప్రమాదాల్లో గాయపడినవారి వివరాలు పరిశీలిస్తే, కొంచెం పెద్దవాళ్లతో పోల్చినప్పుడు 18, 19 ఏళ్లవాళ్ల పరిస్థితి దిగజారిందని తేలింది. అది ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి బయటపడింది. చట్టం తాకనే తాకని 15, 16, 17 ఏళ్ల పిల్లల్లో కూడా గాయాలు పెరిగాయి. వాళ్లకు ఏ దుకాణమూ అమ్మలేదు. వాళ్ల అన్నలకు, అక్కలకు, ఒక తరగతి పైన చదివే స్నేహితులకు అమ్మింది. ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే బరువైన విషయం ఇదేనని నా అభిప్రాయం. చట్టంలో రాసిన అంకె ఎప్పుడూ అక్కడే ఆగదు, రెండు మూడేళ్లు కిందికి జారుతుంది. 18 అని రాస్తే నిజానికి 16కి అందుతుంది. 21 అని రాస్తే 18, 19కి అందుతుంది. అందుకే ‘18 ఏళ్లవాడు తాగడానికి అర్హుడా?’ అనే ప్రశ్న సగం ప్రశ్నే. 18 ఏళ్లవాడికి అమ్మితే సీసా ఎవరి చేతికి చేరుతుందన్నది మిగతా సగం.

కెనడాలోని ఒంటారియో దీన్ని అనుభవంతో గ్రహించింది. 1971లో 18కి తగ్గించి, 1979లో 19కి పెంచింది. ఒక్క ఏడాది తేడాతో ఏం ఒరుగుతుందని అనిపించొచ్చు. 18 ఏళ్లవాడు ఇంకా హైస్కూల్లో ఉంటాడు, 14 ఏళ్లవాడు కూడా అదే ఆవరణలో ఉంటాడు. 19 వచ్చేసరికి చాలామంది బడి గేటు దాటేస్తారు. అక్కడ చట్టం కొలిచింది కుర్రాడి పరిపక్వతను కాదు, కొనగలిగేవాడికీ చిన్నపిల్లలకీ మధ్య దూరాన్ని. వయసు ఎంత పెట్టాలన్న చర్చలో ఇంత ఆచరణాత్మకమైన కొలత మరొకటి కనిపించదు.

స్వీడన్‌లో మరీ విషాదమైన సంగతి ఒకటి ఉంది. 1967 నవంబరులో రెండు ప్రాంతాల్లో గాఢమైన బీరును మామూలు కిరాణా దుకాణాల్లో అమ్మనిచ్చారు. ప్రభుత్వ దుకాణంలో అయితే 21 నిండాలి, కిరాణాలో 16కే దొరికింది. కుర్రకారు తాగుడు అదుపు తప్పడంతో అనుకున్న గడువు కంటే ముందే, 1968 వేసవిలో ఆ ప్రయోగాన్ని ఆపేశారు. అప్పుడు గర్భంలో ఉన్న పిల్లలు పెద్దయ్యాక వాళ్ల చదువును, సంపాదనను ఒక ఆర్థికవేత్త పరిశీలించారు. అదే ఈడులో మిగతా ప్రాంతాల్లో పుట్టినవాళ్ల కంటే వీళ్లు వెనకబడ్డారు. 21 ఏళ్ల లోపు తల్లులకు పుట్టినవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. తాగినవాళ్లకు గానీ, చట్టం సడలించినవాళ్లకు గానీ తెలియకుండా బిల్లు మూడో మనిషి పేరున పడింది.

‘యూరప్‌లో పిల్లలకు ఇంట్లోనే అలవాటు చేస్తారు, అందుకే అక్కడ తాగి పడిపోరు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది, నిజంతో మాత్రం సరిపోలదు. 15, 16 ఏళ్ల విద్యార్థుల మీద యూరప్‌లో 1995 నుంచి నాలుగేళ్లకోసారి పెద్ద సర్వే జరుగుతోంది. బీరు 16కే దుకాణంలో దొరికిన డెన్మార్క్ అందులో మత్తెక్కేదాకా తాగే పిల్లల విషయంలో ఏళ్ల తరబడి ముందు వరుసలో ఉంది. ఆ దేశాలు కూడా తమ పాత అలవాట్లను చూసి మురిసిపోవడం లేదు. ఫ్రాన్స్ 2009లో, ఇటలీ 2012లో, నెదర్లాండ్స్ 2014లో 16ను వదిలి 18కి వచ్చాయి. లిథువేనియా 2018లో 18 నుంచి 20కి వెళ్లింది. ‘వాళ్లలా చేద్దాం’ అని మనం ఎవరిని చూపిస్తున్నామో, వాళ్లు అలా చేయడం మానుకుంటున్నారు.

ఇంట్లో తల్లిదండ్రులే కొంచెం పోసి ఇస్తే బయట తప్పు దారి పట్టరన్న నమ్మకం మీద ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లల్ని ఆరేళ్లపాటు వెంటపడి పరిశీలించారు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. ఇంట్లో ఇచ్చినందువల్ల రక్షణ ఏమీ దొరకలేదు. పైగా అలాంటి పిల్లలకు బయట కూడా మద్యం అందే అవకాశం ఎక్కువైంది. ప్రేమతో చేసే పని కాబట్టి దీన్ని విమర్శించడం కష్టంగానే ఉంటుంది. కానీ ఆ గుక్కెడు, పిల్లల దృష్టిలో, పాఠం కాదు, అనుమతి.

ఇప్పుడు శరీరం మాట. ‘మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది’ అని 21ని సమర్థించేవాళ్లు అంటారు. నిజమే. ముందూవెనకా ఆలోచించి ఆగమని చెప్పే భాగం, నుదుటి వెనక ఉండేది, చివర్లో ముదురుతుంది. కానీ ఈ వాదనను నిజాయతీగా పట్టుకుంటే అది 21 దగ్గర ఆగదు, 25 దాకా లాక్కుపోతుంది. కాబట్టి మెదడు ఎదుగుదల ఒక్కదాన్నే చూపి 21 అని తేల్చడం కుదరదు. అంతకంటే పదునైన సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ఎక్కువ తాగినప్పుడు పెద్దవాడికి కళ్లు మూతలు పడతాయి, కాళ్లు తడబడతాయి. అదే శరీరం వేసే బ్రేకు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కౌమార దశలోని జంతువుల్లో ఈ బ్రేకు బలహీనంగా ఉందని తేలింది. అవి అంత తొందరగా మగతలోకి పోవు, అంత తొందరగా తూలవు. జ్ఞాపకశక్తి మీద దెబ్బ మాత్రం వాటికే ఎక్కువ. మనుషుల్లోనూ అదే తీరు ఉంటే, ‘నాకేం ఎక్కలేదు’ అని పదిహేడేళ్లవాడు చెప్పే మాట అబద్ధం కాదు. వాడికి నిజంగానే ఎక్కినట్టు అనిపించదు. అందుకే ఇంకోటి పోయించుకుంటాడు. ‘తట్టుకునే శక్తి ఉంది’ అని స్నేహితులు భుజం తడతారు. అది శక్తి కాదు, ప్రమాద సూచిక పనిచేయకపోవడం.

15 ఏళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో వ్యసనంలో పడ్డారని, 20 తర్వాత మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతమేనని 1997లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇందులో కొంత, ఇల్లు సరిగా లేని పిల్లలు తొందరగా మొదలుపెట్టడం వల్ల వచ్చిన తేడా కావచ్చు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నా సరే, ఇల్లు సరిగా లేని పిల్లవాడికి సీసా సులువుగా అందాలని ఎవరు కోరుకుంటారు?

21 వైపు ఉన్న బలహీనత కూడా చెప్పుకోవాలి. అమెరికాలో 21 నిండిన రోజు నుంచి ఆ వయసువాళ్ల మరణాలు దాదాపు 9 శాతం ఎగబాకుతాయని 2009లో ఒక పరిశోధన తేల్చింది. రోడ్డు ప్రమాదాలు, అతిగా తాగి చనిపోవడం, ఆత్మహత్యలు అందులో ముఖ్యమైనవి. దీన్ని రెండు విధాలుగా చదవొచ్చు. ఆ అంకె అప్పటిదాకా ప్రాణాలను కాపాడిందనీ అనొచ్చు, చావును మూడేళ్లు వాయిదా వేసిందంతే అనీ అనొచ్చు. రెండోది పూర్తిగా నిజం కాదు. 18లో మొదటిసారి తాగేవాడు చాలాసార్లు బండి నడపడంలో కూడా కొత్తవాడే. 21 వచ్చేసరికి కనీసం ఒక విద్యలోనైనా చేయి తిరిగి ఉంటుంది. రెండు కొత్త అలవాట్లు ఒకేసారి కలవకుండా చూడటం కూడా చట్టం చేయగలిగిన మేలే.

21ని తగ్గించాలన్నవాళ్లలో అందరూ మద్యం వ్యాపారుల పక్షం కాదు. 2008లో అమెరికాలో వందకు పైగా కాలేజీల అధ్యక్షులు కలిసి ఈ వయసు మీద మళ్లీ చర్చ జరగాలని సంతకాలు పెట్టారు. మిడిల్‌బరీ కాలేజీ మాజీ అధ్యక్షుడు జాన్ మెకార్డెల్ దానికి ముందున్నారు. వాళ్ల వాదన ఒక్కటే. చట్టం తాగుడును ఆపలేదు, తలుపు వెనక్కి నెట్టింది. బార్‌లో అయితే పోసేవాడు ఉంటాడు, ధర ఉంటుంది, మూసే వేళ ఉంటుంది. హాస్టల్ గదిలో ఇవేవీ ఉండవు. బయటికి వెళ్తే దొరకదు కాబట్టి, వెళ్లే ముందే గదిలో గబగబా నాలుగైదు గ్లాసులు దించేస్తారు. ఆ వాదనలో తప్పేముందని అడిగితే, లెక్కలు ఉన్నాయి. అమెరికాలో పన్నెండో తరగతి పిల్లల్లో గడిచిన నెలలో తాగామన్నవారు 1970ల చివర 70 శాతం పైన ఉండేవారు, 2020ల్లో 30 శాతం కంటే కిందికి వచ్చారు. నిషేధం ఆకర్షణను పెంచుతుందన్నది నిజమైతే ఈ అంకె పెరగాలి గానీ తగ్గకూడదు. అయినా ఆ అధ్యక్షులు చూపించిన గది అబద్ధం కాదు. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

వయసు హద్దు నిజంగా అమలయ్యే చోటు పార్లమెంటు కాదు, దుకాణం కౌంటర్. అక్కడ జరిగేది ఐదారు సెకన్ల వ్యవహారం. కుర్రాడు సీసా కౌంటర్ మీద పెడతాడు, డబ్బు చూపిస్తాడు, కళ్లు ఎత్తడు. అమ్మే మనిషి కూడా చాలాసార్లు పాతికేళ్ల లోపువాడే. వెనక నలుగురు వరుసలో ఉన్నారు. కార్డు అడిగితే గొడవవుతుందేమో, అడగకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఐదు సెకన్లలో మోమాటమే గెలుస్తుంది. బ్రిటన్ దుకాణాలు దీనికి ఒక చక్కటి ఉపాయం కనిపెట్టాయి. చట్టంలో వయసు 18 అయినా, పాతికేళ్ల లోపులా కనిపించే ప్రతి ఒక్కరినీ కార్డు అడగాలని నియమం పెట్టుకున్నాయి. గోడ మీద బోర్డు కూడా ఉంటుంది. దాంతో అడగడం అనుమానం కాకుండా పోయింది, అందరికీ జరిగే మామూలు పని అయింది. 22 ఏళ్లవాడు నవ్వి కార్డు తీస్తాడు, 16 ఏళ్లవాడు వరుసలోంచి తప్పుకుంటాడు.

అమ్మినవాడిని వదిలి కొన్న పిల్లవాడిని పట్టుకునే చట్టం సులువైన దారి వెతుక్కున్నట్టే. లాభం వచ్చేది ఎవరికో బాధ్యత కూడా వాళ్లదే కావాలి. లైసెన్సు రద్దయ్యే భయం ఉంటేనే ఆ కార్డు అడగడానికి నోరు లేస్తుంది.

ఐస్‌లాండ్ చేసినపని ఇంకా లోతైనది. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016కల్లా అది 5 శాతానికి పడిపోయింది. మద్యం వయసు 20, అది కొత్తగా వచ్చింది కాదు. మారినవి వేరే. పిల్లలు రాత్రి పొద్దుపోయాక బయట తిరగకూడదన్న నియమాన్ని తల్లిదండ్రులే వీధుల్లో తిరిగి అమలు చేశారు. ఊరూరా తల్లిదండ్రులు ఒప్పందాలు రాసుకున్నారు, ‘వాళ్లింట్లో ఒప్పుకున్నారు’ అన్న మాట ఏ పిల్లవాడి నోటా రాకుండా. ఆటలు, సంగీతం నేర్చుకోవడానికి రేక్‌జవిక్ నగరపాలిక ప్రతి పిల్లవాడి పేరునా ఏటా కొంత డబ్బు ఇచ్చింది. సాయంత్రాలు ఖాళీగా లేకుండా చేశారు. లిథువేనియా కూడా వయసు ఒక్కటే పెంచి ఊరుకోలేదు, ప్రకటనలు నిషేధించింది, అమ్మే వేళలు కుదించింది. పన్ను పెంచితే ముందు తగ్గేది కుర్రవాళ్ల తాగుడే, ఎందుకంటే వాళ్ల జేబు చిన్నది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే 18 కంటే 20, 21 మెరుగన్నది నా అంచనా. అది 21 ఏళ్లవాడి మీద గౌరవంతో కాదు, 16 ఏళ్లవాడి మీద దిగులుతో. అయితే ఆ అంకెతో పాటు ఒక షరతు తప్పనిసరిగా ఉండాలి. అదే ఆ కాలేజీ అధ్యక్షులు చూపించిన గది సంగతి.

రాత్రి ఒంటిగంట. ఒకడు పంతం పట్టి గబగబా తాగి మంచం మీద వాలిపోయాడు. పిలిస్తే ఊ అన్నాడు, తర్వాత అదీ లేదు. స్నేహితులు ముగ్గురు చుట్టూ నిలబడ్డారు. ‘పడుకోనీ, పొద్దున్నకి దిగిపోతుంది’ అని ఒకడంటాడు. ఆ మాటే ప్రాణాలు తీస్తుంది. కడుపులో ఉన్న మద్యం అతను నిద్రపోయాక కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. కాలేయం గంటకు సుమారు ఒక మామూలు పెగ్గును మాత్రమే కరిగించగలదు. కాఫీ పట్టినా, తల మీద చన్నీళ్లు పోసినా ఆ వేగం పెరగదు. మత్తు ముదిరితే గొంతులో అడ్డుకునే ప్రతిచర్య కూడా పోతుంది, వెల్లకిలా పడుకున్నవాడు తన వాంతి తానే ఊపిరితిత్తుల్లోకి లాక్కుంటాడు. ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీయడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం, గట్టిగా కుదిపినా లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్సును పిలవాల్సిందే. అది వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు.

ఆ ముగ్గురికీ ఫోన్ చేతిలోనే ఉంది. చేయరు. ఎందుకంటే ముగ్గురికీ 19 ఏళ్లే. పోలీసులు వస్తారు, కాలేజీకి తెలుస్తుంది, ఇంటికి ఉత్తరం వెళ్తుంది. ప్రాణం కాపాడటానికి పెట్టిన చట్టమే ఆ నిమిషంలో ఫోన్ మీద నుంచి వేలు వెనక్కి లాగుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు దీన్ని గుర్తించి చట్టానికి చిన్న మినహాయింపు రాసుకున్నాయి. వయసు నిండకుండా తాగినా సరే, సాయం కోసం ఫోన్ చేసి, తన పేరు చెప్పి, అంబులెన్సు వచ్చేదాకా స్నేహితుడి పక్కనే ఉండి, వచ్చినవాళ్లకు జరిగింది దాచకుండా చెప్పినవాడి మీద తాగినందుకు కేసు ఉండదు. మంచం మీద ఉన్నవాడి మీద కూడా చాలాచోట్ల ఉండదు.